కొలిచి ఇచ్చే వెలుగు

ఆస్ట్రేలియాలో బడికి వెళ్ళే పిల్లలకు అన్నిటికంటే ముందు టోపీ అలవాటు చేస్తారు. టోపీ మరచిపోయి వచ్చిన పిల్లవాణ్ణి టీచరు మైదానంలోకి పంపదు, నీడపట్టున కూర్చోబెడుతుంది. 1981లో విక్టోరియా క్యాన్సర్ కౌన్సిల్ వాళ్ళు సిడ్ అనే సముద్రపక్షి బొమ్మతో 'స్లిప్, స్లోప్, స్లాప్' ప్రచారం మొదలుపెట్టారు. చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీన్ పూసుకో, టోపీ పెట్టుకో అని దాని సారాంశం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళను ఎవరిని అడిగినా ఆ మూడు మాటలూ ఠక్కున చెబుతారు. అంత ప్రచారం ఎందుకంటే, ఈ దేశంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి 70 ఏళ్ళు వచ్చేలోపు ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ బయటపడుతుంది.

ఒంటికి రంగు పట్టడం కోసం డబ్బులిచ్చి దీపాల కింద పడుకునే సోలేరియం షాపులు ఒకప్పుడు ఇక్కడ బాగా నడిచేవి. మెల్‌బోర్న్ అమ్మాయి క్లేర్ ఆలివర్ 2007లో 26 ఏళ్ళకే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆఖరి రోజుల్లో ఓపిక కూడదీసుకొని, సోలేరియం జోలికి వెళ్ళవద్దని ఆమె తన ఈడువాళ్ళకు టీవీల్లో, పత్రికల్లో చెప్పింది. ఆ మాటలు దేశాన్ని కదిలించాయి. 2014 డిసెంబరు ఆఖరుకల్లా చాలా రాష్ట్రాలు ఆ వ్యాపారాన్ని నిషేధించాయి. 2016 జనవరి నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ మూతపడింది.

ఇలాంటి దేశంలో నా ఉద్యోగం, మనుషులను అతినీలలోహిత దీపాల మధ్య నిలబెట్టి స్విచ్చి వేయడం. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో ఫోటోథెరపీ నర్సుగా పనిచేస్తున్నాను. మా సొంతూరు తెనాలి దగ్గర. టార్నీట్, పాయింట్ కుక్, ట్రుగనీనా వైపు మన తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి సోరియాసిస్‌తో, బొల్లితో, ఏళ్ళ తరబడి వదలని ఎగ్జిమాతో మనవాళ్ళు కూడా వస్తుంటారు. నా మాట యాస వినగానే వాళ్ళ ముఖాలు తేటపడతాయి. ఆ తర్వాత దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇక్కడ ఎండ తగిలితేనే క్యాన్సర్ అంటారు కదమ్మా, మరి అదే లైటు పెట్టెలో పెట్టి ఇస్తామంటారేంటి?"

అడగవలసిన ప్రశ్నే. దానికి తొందరపడకుండా జవాబు చెప్పాలి.

కంటికి కనిపించని ఆ కిరణాలన్నీ ఒకటి కావు. 315 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని యూవీఏ అంటారు, ఇవి చర్మంలో లోతుకు దిగుతాయి. 280 నుంచి 315 వరకు ఉన్నవి యూవీబీ, ఇవి ఎక్కువగా పైపొరలోనే ఆగిపోతాయి. సోలేరియం దీపాల్లో ఉండేది ముఖ్యంగా యూవీఏ, దానికి తోడు కొంత యూవీబీ. సోరియాసిస్‌కు ఈ మొత్తంలో ఏ ముక్క పనికొస్తుందో 1981లో అమెరికాలో జాన్ పారిష్, కర్ట్ యానికే అనే ఇద్దరు పరిశోధకులు ఓపిగ్గా తేల్చారు. 290, అంతకంటే పొట్టి కిరణాలు చర్మాన్ని కాలుస్తాయే తప్ప జబ్బును తగ్గించవు. 313 దగ్గర ఉన్నవి మాత్రం పెద్దగా కాల్చకుండానే మచ్చను కరిగిస్తాయి. ఆ తర్వాత ఫిలిప్స్ కంపెనీ టీఎల్-01 అనే ట్యూబును తయారుచేసింది. దాని వెలుగంతా 311 నానోమీటర్ల చుట్టూ సన్నని పట్టీలాగా వస్తుంది. నేరోబ్యాండ్ యూవీబీ అని డాక్టరు చీటీ మీద రాసేది దీన్నే. ఎండలో నుంచి మందుగా పనికొచ్చే ముక్కను వేరుచేసి, కొలత పెట్టి ఇస్తున్నారన్నమాట.

లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. మామూలు చర్మం పైపొర పూర్తిగా మారడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ పని కొద్ది రోజుల్లోనే అయిపోతుంటుంది. పండకుండానే పైకొచ్చిన కణాలు పొలుసులై పేరుకుపోతాయి. వాటిని అలా తరిమేది మన రక్షణ వ్యవస్థలోని టీ కణాలే. యూవీబీ ఆ టీ కణాల్లో చాలావాటిని అక్కడికక్కడే చంపుతుంది, చర్మకణాల పరుగును నెమ్మదింపజేస్తుంది, అనవసరమైన వాపును అణిచే కణాలను పెంచుతుంది. ఈ ప్రభావం చర్మం దగ్గరే ఆగిపోతుందా అన్నది పెద్ద ప్రశ్న. పెర్త్‌లో ప్రూ హార్ట్ అనే శాస్త్రవేత్త బృందం ఇవే దీపాలను మల్టిపుల్ స్క్లెరోసిస్ తొలి లక్షణాలు కనిపించినవాళ్ళ మీద పరీక్షించింది. అది నరాల జబ్బు, చర్మానికి సంబంధమే లేదు. పరీక్ష 20 మందితో జరిగిన చిన్నది కాబట్టి తేల్చి చెప్పడానికి వీల్లేకపోయింది. అయినా చర్మం మీద పడిన వెలుగు ఒళ్ళంతటి రక్షణ వ్యవస్థతో మాట్లాడుతుందన్న ఆలోచనను ఇక్కడివాళ్ళు ఎంత గట్టిగా పట్టించుకున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

వెలుగుతో వైద్యం ఈనాటిది కాదు. డెన్మార్క్ డాక్టరు నీల్స్ ఫిన్సెన్ ముఖాన్ని తినేసే చర్మక్షయకు దీపపు కిరణాలతో వైద్యం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1925లో మేయో క్లినిక్‌లో గోకర్‌మన్ అనే డాక్టరు తారు పూసి ఆపైన యూవీబీ పెట్టాడు. మన దగ్గరైతే ఇంకా పాత కథ ఉంది. బావంచాలు అరగదీసి బొల్లి మచ్చకు రాసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది పట్టిన చర్మం యూవీఏకు విపరీతంగా స్పందిస్తుంది. ఈజిప్టులో అలాంటి గుణమే ఉన్న మరో మొక్క నుంచి వేరుచేసిన మందును 1940లలో ఎల్ మోఫ్టీ అనే వైద్యుడు బొల్లికి వాడాడు. 1974లో అమెరికాలో సోరలెన్ మాత్ర మింగించి యూవీఏ పెట్టే పద్ధతిని సోరియాసిస్‌కు తెచ్చారు. దాని పేరు పూవా.

పూవా బాగా పనిచేసింది. దానికి చెల్లించవలసిన మూల్యం మాత్రం తర్వాత తెలిసింది. అమెరికాలో 1975 నుంచి 1,380 మంది పూవా రోగులను దశాబ్దాల పాటు గమనించారు. ఎక్కువసార్లు పెట్టించుకున్నవాళ్ళలో స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్ స్పష్టంగా పెరిగింది. అందుకే ఇప్పుడు పూవా వాడకం బాగా తగ్గిపోయింది. నేరోబ్యాండ్ సంగతి వేరు. స్కాట్లాండ్‌లో ఈ వైద్యం తీసుకున్న 3,867 మంది వివరాలను క్యాన్సర్ రిజిస్టరుతో పోల్చి 2008లో ప్రచురించారు. మెలనోమా గాని, స్క్వామస్ సెల్ క్యాన్సర్ గాని పెరిగినట్టు కనిపించలేదు. పూవా కూడా తీసుకున్నవాళ్ళలో మాత్రం బేసల్ సెల్ రకం కాస్త ఎక్కువగా ఉంది. వాళ్ళను గమనించిన కాలం సగటున ఐదారేళ్ళే కాబట్టి మేం ఇప్పటికీ జాగ్రత్తగానే ఉంటాం. ప్రతి సిట్టింగు లెక్కా రాసిపెడతాం, ఏటా చర్మం మొత్తం పరీక్ష చేయించుకోమంటాం. ఇదివరకు చర్మ క్యాన్సర్ వచ్చిందా అని మొదటిరోజే అడుగుతాం. క్లేర్ ఆలివర్‌కు ఎవరూ ఇవ్వని కాపలా ఇదే.

ఇక ఆ పెట్టె గురించి. టెలిఫోన్ బూత్ అంత గదిలో నాలుగు వైపులా నిలువెత్తు ట్యూబులు ఉంటాయి. లోపల ఫ్యాను తిరుగుతుంటుంది. కళ్ళకు నల్లటి గాగుల్స్ తప్పనిసరి. మగవాళ్ళు మర్మాంగాలను కప్పుకోవాలి, అది కూడా తప్పనిసరే. ముఖం మీద జబ్బు లేకపోతే ముఖానికి ముసుగు వేస్తాం. మొదటి సిట్టింగు సెకన్లలో ముగుస్తుంది. చర్మం తట్టుకున్నదాన్నిబట్టి ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచుకుంటూ పోతాం. వారానికి రెండు మూడుసార్లు రావాలి. సోరియాసిస్‌కు సాధారణంగా 20 నుంచి 30 సిట్టింగులు పడతాయి.

ఒంటి మీద కప్పి ఉన్న చోటు ప్రతిసారీ ఒకటే ఉండాలని మొదటిరోజే గట్టిగా చెబుతాను. నెల రోజుల పాటు లోదుస్తుల చాటున ఉన్న చర్మానికి లైటు అలవాటు ఉండదు. తర్వాత ఒకరోజు కురచ లోదుస్తులు వేసుకొస్తే, మిగతా ఒంటికి సరిపోయే మోతాదు ఆ అంగుళం మేర కాల్చేస్తుంది. మన ఆడవాళ్ళతో ఈ మాట వచ్చినప్పుడు తాళి సంగతి తప్పక వస్తుంది. తీసేయమంటానేమోనని పెద్దావిడలు మెడ దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడతారు. తీయనక్కర్లేదు పిన్నిగారూ, కాకపోతే ఎప్పుడూ ఒకే చోట ఉండాలి అని చెప్పి, గొలుసును మెడ మీద ఒకచోట సర్ది మెడికల్ టేపు అంటిస్తాను. ఏ రోజు ఎక్కడ అంటించానో రికార్డులో రాస్తాను. గాజులూ మొలతాడూ కూడా అంతే.

ఒంటికి ఏమీ రాసుకొని రాకూడదు. పొలుసులు ఊడటానికి ఇచ్చే సాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంటు యూవీబీని పీల్చేసుకుంటుంది, దాన్ని పూసుకొస్తే ఆ రోజు సిట్టింగు దండగ. పసుపు, కొబ్బరినూనె, సెంటు, ఏదీ వద్దు. మేమే అవసరమైన చోట పల్చగా మినరల్ ఆయిల్ రాస్తాం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు తెచ్చుకున్న మాత్రల డబ్బా మొత్తం చూపించమంటాను. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉందని చాలాసార్లు అర్థం. అది కొందరి చర్మాన్ని వెలుగుకు లొంగదీస్తుంది. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్ కూడా అంతే. లూపస్ ఉన్నవాళ్ళకు ఈ వైద్యం పనికిరాదు. గర్భిణులకు మాత్రం నేరోబ్యాండ్ పెట్టవచ్చు, చాలా మందుల కంటే ఇదే నయం. ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకుండా వేసుకోవాలి.

మన రంగు చర్మం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మోతాదు ఎక్కువైతే తెల్లవాళ్ళ ఒళ్ళు గులాబీరంగులోకి మారుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. మన చర్మం మీద అది ముదురు ఊదారంగులోనో బూడిదరంగులోనో ఉంటుంది, చాలాసార్లు అసలు కనబడదు. అందుకే నేను కంటితో చూసి ఊరుకోను. రాత్రి దుప్పటి తగిలితే మంట పుట్టిందా, స్నానం నీళ్ళు చురుక్కుమన్నాయా అని అడుగుతాను. దయచేసి నిజం చెప్పండి. "ఏం ఫర్వాలేదమ్మా, పెంచెయ్, తొందరగా తగ్గాలి" అనే బాబాయిలు ఎక్కువ. ఆ తొందరే పొక్కులు తెస్తుంది.

ఇంకో మాట కూడా వస్తుంది, తల్లులు పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు. అమ్మాయి నల్లబడుతుందా అని. అవును, ఒంటి రంగు కొంత ముదురుతుంది. వైద్యం ఆపిన కొన్ని నెలలకు మామూలు రంగు వచ్చేస్తుంది. పెళ్ళిచూపుల భయంతో సోరియాసిస్‌ను ముదరబెట్టడం ఆ అమ్మాయికి చేసే అన్యాయం. ముదిరితే కీళ్ళు కూడా పట్టుకునే జబ్బు అది. సోరియాసిస్ గాని బొల్లి గాని ఒకరి నుంచి ఒకరికి అంటవు. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, పెళ్ళి చేసుకున్నా అంటవు.

బొల్లి విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. రెండు మూడు నెలల్లో ఏమీ కనబడదు. సుమారు 48 సిట్టింగులు కాకముందే పనిచేయలేదని తీర్మానించకూడదని ఈ రంగంలో నిపుణులు అంటారు. ఒకరోజు భూతద్దం కింద చూస్తుంటే, పాలలా తెల్లగా ఉన్న మచ్చ మధ్యలో ఒక్కో వెంట్రుక మొదట్లో ఆవగింజంత గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. రంగునిచ్చే కణాలకు మూలకణాలు వెంట్రుక కుదుళ్ళలో దాగి ఉంటాయి. లైటు వాటిని లేపితే అవి పైకి పాకి చుట్టూ పరుచుకుంటాయి. నారుమడిలో మొలకల్లా ముందు విడివిడిగా, తర్వాత ఒకదానికొకటి కలుస్తూ. వెంట్రుకలున్న బుగ్గలూ మెడా బాగా కోలుకోవడానికి, వెంట్రుకే లేని వేళ్ళ కొసలూ పెదవులూ మొండికేయడానికి కారణం ఇదే. మచ్చలోని వెంట్రుక కూడా తెల్లబడి ఉంటే ఆశ తక్కువని మొదటే చెబుతాం. ఆ మొదటి చుక్కలను ఫోన్‌లో ఫోటో తీసి చూపించినప్పుడు మనుషులు ఏడవడం నేను చూశాను. ఈ ఉద్యోగంలో నాకు అంతకంటే ఇష్టమైన పని లేదు.

బావంచాల నూనె తెప్పించుకొని రాసుకొని పెరట్లో కూర్చుంటామనేవాళ్ళకు నా మనవి: ఇక్కడ ఆ పని చేయకండి. మెల్‌బోర్న్‌లో ఆగస్టు మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా యూవీ సూచిక 3 దాటుతూనే ఉంటుంది, వేసవి మధ్యాహ్నాల్లో 11, 12 దాకా వెళ్తుంది. నూనెలో మందు ఎంతుందో తెలియదు, ఎండలో కిరణాలు ఎంతున్నాయో తెలియదు. చేతులు బొబ్బలెక్కి, ఆ బొబ్బ మానిన చోట బొల్లి ఇంకా పెద్దది కావచ్చు. మా దగ్గర వైద్యం తీసుకునే రోజు కూడా బయట పొడుగుచేతుల చొక్కా, టోపీ వేసుకోవలసిందే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మనవాళ్ళు ఆలస్యంగా రావడం. ఊరి నుంచి ఎవరు వస్తున్నా సూట్‌కేసులో పది క్రీము ట్యూబులు తెప్పించుకుంటారు. చీటీ లేకుండా మెడికల్ షాపులో అమ్మే స్టెరాయిడ్ కలిసిన క్రీములు అవి. రాసిన వారానికే మచ్చ పోయినట్టుంటుంది, ఆపగానే రెట్టింపై తిరగబడుతుంది. ఏళ్ళ తరబడి రాసిన తొడల మీద చర్మం పల్చబడి చారలు పడి ఉంటుంది. ఆ చారలు ఏ లైటుకూ పోవు. డాక్టరు చూసి ఇచ్చే స్టెరాయిడ్ మంచి మందే. ఎవరూ చూడకుండా రాసుకునేది ముప్పు.

వచ్చినవాళ్ళు మధ్యలో మానేయడం ఇంకో బాధ. తప్పు వాళ్ళది కాదు. వారానికి మూడుసార్లు ఆఫీసు మానుకొని, సెకన్ల వైద్యం కోసం గంట డ్రైవ్ చేయడం తేలిక కాదు. ఊళ్ళలో ఉన్నవాళ్ళకైతే దగ్గరలో యంత్రమే ఉండదు. దీనికి ఇంటి యంత్రం ఒక దారి. అమెరికాలో 783 మంది సోరియాసిస్ రోగులతో జరిగిన లైట్ అనే పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. 12 వారాల తర్వాత చర్మం పూర్తిగా గాని దాదాపుగా గాని శుభ్రపడినవాళ్ళు ఇంట్లో పెట్టుకున్నవారిలో 32.8 శాతం, క్లినిక్‌కు వెళ్ళినవారిలో 25.6 శాతం. ముదురురంగు చర్మం ఉన్నవాళ్ళలోనూ అది పనిచేసింది. అయితే యంత్రం నేరుగా ఆన్‌లైన్‌లో కొనేయకండి. డెర్మటాలజిస్టు రాసిచ్చి, మోతాదు పట్టిక ఇచ్చి, మధ్యమధ్యలో చూస్తుంటేనే అది వైద్యం అవుతుంది.

ఇది జబ్బును శాశ్వతంగా తీసేసే వైద్యం కాదని కూడా దాచను. సోరియాసిస్ కొన్ని నెలలు, కొందరికి ఏడాది పైన అణిగి ఉండి మళ్ళీ రావచ్చు. అప్పుడు మళ్ళీ పెడతాం. కానీ ఒంట్లోకి మందు వెళ్ళకుండా, కాలేయం మీద భారం లేకుండా అన్నాళ్ళు హాయిగా ఉండగలగడం చిన్న విషయం కాదు.

ఖర్చు గురించి తెలిసినంత చెబుతాను. డెర్మటాలజిస్టు మొదలుపెట్టి పర్యవేక్షించే యూవీ వైద్యానికి మెడికేర్‌లో 14050 అనే ఐటెమ్ ఉంది. 12 నెలల్లో 150 సార్ల వరకు వర్తిస్తుంది. క్లినిక్ బల్క్ బిల్ చేస్తుందా, అంటే మెడికేర్ ఇచ్చేదానితోనే సరిపెట్టుకుంటుందా, లేక పైన గ్యాప్ మీరు కట్టాలా అన్నది ముందే అడగండి. సోరియాసిస్ తీవ్రంగా ఉండి పీబీఎస్ అనే ప్రభుత్వ మందుల సబ్సిడీ కింద ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు కావలసినవాళ్ళు అంతకుముందు ప్రయత్నించి ఉండవలసిన వైద్యాల్లో ఈ లైటు ఒకటి. అది లెక్కలోకి రావాలంటే వారానికి కనీసం 3 చొప్పున 6 వారాలు పూర్తిచేసి ఉండాలి. కాబట్టి మధ్యలో మానేస్తే రెండు విధాలా నష్టం. విద్యార్థులు తమ ఓఎస్‌హెచ్‌సీ ఇన్సూరెన్సు వాళ్ళకు ఐటెమ్ నంబరు చెప్పి ఎంత ఇస్తారో కనుక్కోవాలి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళ పాలసీల్లో పాత జబ్బులకు సాధారణంగా నిరీక్షణ కాలం ఉంటుంది, చదివి చూసుకోండి. మెల్‌బోర్న్‌లో కార్ల్‌టన్‌లోని స్కిన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్, సిడ్నీలో స్కిన్ హాస్పిటల్ ఈ వైద్యం చేస్తాయి. ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి.

మచ్చ ఆరు వారాలకు మించి తగ్గకపోతే, లేదా క్రీము ఆపగానే తిరగబడుతుంటే, మీ జీపీ దగ్గరికి వెళ్ళి డెర్మటాలజిస్టుకు రిఫరల్ అడగండి. ఫోటోథెరపీ నాకు పనికొస్తుందా అని మీ నోటితో మీరే అడగండి. జీపీ ఇచ్చే రిఫరల్ మామూలుగా 12 నెలలు చెల్లుతుంది.